పుట్టకముందే జ్ఞానస్నానం

సోమవారం పొద్దున విన్నీ మల్‌గ్రూ బడికి వస్తూ చేతిసంచిలో రెండు వస్తువులు తెచ్చింది. ఒకటి మోకాళ్ల నొప్పుల మాత్రలు. రెండోది నీలం అట్ట ఫైలు. మాత్రలు ఎప్పటిలా అల్మారాలో పడేసింది. ఫైలుని మాత్రం, నూట ఎనభై మంది పిల్లలకి వండే ఆ వంటింట్లో ఎక్కడ పెడితే తడి తగలదో, ఎక్కడ పెడితే నూనె చిందదో నాలుగువైపులా చూసి, చివరికి పిండి డబ్బాల పై అరలో ఉతికిన తువ్వాలు పరిచి దాని మీద పెట్టింది.

"ఏముంది అందులో? రాణిగారి నగలా?" అంది మేవిస్. మేవిస్ విన్నీ చేతికింద పనిచేసే మనిషి. చెయ్యి కిందే గానీ నోరు ఎప్పుడూ పైనే ఉంటుంది.

"మా నాయనమ్మ ఉంది."

"అయ్యో, మూత తియ్యి, ఊపిరాడదేమో."

విన్నీ నవ్వలేదు. ఇరవై కిలోల బంగాళాదుంపల బస్తా కోసి తొట్లోకి వొంపి, కత్తి అందుకుంది. మిషను ఉంది, తొక్క తీస్తుంది. కానీ మిషను కన్ను తియ్యదు. దుంప మీద నల్లటి కన్ను ఒక్కటి మిగిలినా పిల్లలు పళ్లెంలో పక్కకి నెట్టేస్తారని విన్నీ ఒక్కొక్క దుంపనీ చేత్తో తిప్పి చూస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా అలాగే చూస్తోంది.

ఆ ఏడు ఇంగ్లండులోని ఆ బూటల్ ఊళ్లో ఎవరిని కదిపినా ఒకటే గోల. దేశం యూరప్‌తో తెగతెంపులు చేసుకుంటానని ఓటేసిన దగ్గర్నుంచి, అవ్వాతాతల్ని పండక్కి కూడా తలుచుకోని వాళ్లంతా అటకలెక్కి పాత పెట్టెలు దులపడం మొదలుపెట్టారు. తాతో అవ్వో ఐర్లండులో పుట్టి ఉంటే చాలు, మనవలు డబ్లిన్‌లోని విదేశీ జననాల పుస్తకంలో పేరెక్కించుకుని ఆ దేశపు పౌరులైపోవచ్చు. కొందరికి విమానాశ్రయంలో పొట్టి వరస కావాలి. కొందరికి స్పెయిన్‌లో ఎండ కావాలి. విన్నీ మాత్రం యాభై ఎనిమిదేళ్లలో పక్కనే ఉన్న ఐల్ ఆఫ్ మాన్ దీవి దాటి ఎక్కడికీ పోయింది లేదు, పోవాలనీ లేదు.

"మరి ఎక్కడికి పోదామని నీకీ తాపత్రయం?" అని మొగుడు క్లిఫ్ అడిగితే ఒక్కటే మాట చెప్పింది. "ఎక్కడికీ పోను. ఎక్కణ్ణుంచి వచ్చానో కాగితం మీద రాసిమ్మంటున్నాను. అంతే."

ఆమె నాయనమ్మ సబీనా గావిన్ ఐర్లండులోని మేయో నుంచి వచ్చి ఈ ఊళ్లో నలభై ఏడేళ్లు ఆస్పత్రి నేలలు తుడిచింది. చచ్చేదాకా ఆమెని 'ఆ ఐరిష్‌ది' అన్నారు, అన్నవాళ్లలో తిట్టుగా అన్నవాళ్లే ఎక్కువ. ఇప్పుడా తిట్టే కావాలని ఊరు ఊరంతా అప్లికేషన్లు పెడుతోంది. విన్నీకి అది తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది.

నాలుగు నెలలు పట్టింది కాగితాలు పోగెయ్యడానికి. నాయనమ్మ పుట్టినదీ, పెళ్లయినదీ, పోయినదీ. నాన్న పుట్టినదీ, పెళ్లయినదీ, పోయినదీ. తను పుట్టినదీ, పెళ్లయినదీ. నకళ్లు పనికిరావు, అసలువే కావాలి. ఇంటి అడ్రసుకి కరెంటు బిల్లొకటి, బ్యాంకు కాగితమొకటి. నాలుగు ఫొటోలు. చివరగా ఐర్లండు నుంచి రావలసిన నాయనమ్మ జనన సర్టిఫికెట్ శనివారంనాడు పోస్టులో వచ్చింది. అందులో పేరు చదివింది, ఊరు చదివింది, తండ్రి పేరు మార్టిన్ గావిన్ అని చదివి కళ్లు తుడుచుకుంది. తేదీ చదవలేదు. పుట్టినరోజు చిన్నప్పట్నుంచీ నోటికొచ్చిన మనిషి కాగితం మీద తేదీ చూడాలని ఎందుకనుకుంటుంది?

ఇక మిగిలింది సాక్షి సంతకం ఒక్కటే. సాక్షి ఎవరుండాలో ఫారంలో పెద్ద జాబితా ఉంది. డాక్టరో, లాయరో, పోలీసో, ఫాదరో, హెడ్మాస్టరో, అలాంటి పెద్దమనుషులు. చుట్టరికం ఉండకూడదు. దరఖాస్తు పెట్టే మనిషి వాళ్లకి స్వయంగా తెలిసి ఉండాలి. వాళ్ల ఎదుటే సంతకం చెయ్యాలి.

మధ్యాహ్నం రెండుంబావుకి పళ్లేలన్నీ కడిగాక, విన్నీ ఏప్రన్ విప్పి, ఉల్లిపాయ వాసన పోవాలని చేతులకి నిమ్మచెక్క రుద్దుకుని, ఫైలు తీసుకుని హెడ్మాస్టరు గదికి వెళ్లింది.

హార్కిన్ సారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే విన్నీకి అంత బాధ ఉండేది కాదు. కుర్చీ చూపించాడు, కళ్లజోడు పెట్టుకున్నాడు. "చెప్పండి, మిసెస్ ఎమ్," అన్నాడు. అక్కడ పనివాళ్లందరినీ అలా మొదటి అక్షరంతోనే పిలుస్తాడాయన.

విన్నీ కాగితాలు ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది. అన్నిటికంటే పైన నాయనమ్మ జ్ఞానస్నానం సర్టిఫికెట్ పెట్టింది. నిజానికి ఫారంలో దాన్ని ఎవరూ అడగలేదు. అయినా మేయోలో ఆ చర్చికి ఉత్తరం రాసి తెప్పించింది. ఆమె లెక్కలో సర్కారు పుస్తకం సర్కారుదే, మనిషి పుట్టినట్టు రుజువు చర్చి పుస్తకంలోనే. వాళ్ల వాళ్లందరూ అంతే.

ఆయన ఫారం చదివాడు. 'స్వయంగా తెలిసి' అన్నచోట వేలు ఆగింది.

"ఇక్కడే చిక్కు," అన్నాడు. "మీరు నాకు స్వయంగా తెలుసని రాసివ్వాలి."

"తెలుసు కదా సార్. పదకొండేళ్ల నుంచీ మీకు అన్నం పెడుతున్నాను."

"అన్నం పెట్టడం వేరు, తెలియడం వేరు. కిటికీ దగ్గర గుడ్ మార్నింగ్ అనుకుంటాం, అంతే కదా. మీ ఇల్లెక్కడో నాకు తెలియదు. మీ ఇంట్లో ఎవరెవరుంటారో తెలియదు. ఏమని ప్రమాణం చెయ్యను? మీరు అర్థం చేసుకోవాలి."

విన్నీ బల్ల మీది కాగితాల అంచులు సర్దింది. ఆయన ఏదో ఒకటి చెయ్యాలని కాబోలు, పైన ఉన్న కాగితం తీశాడు, కింది కాగితం తీశాడు, రెండూ పక్కపక్కన పెట్టాడు.

"ఇదేమిటి? పుట్టింది మే రెండు, పందొమ్మిది వందల పదకొండు. జ్ఞానస్నానం మార్చి తొమ్మిది, పందొమ్మిది వందల పదకొండు." ఆయన నవ్వాడు. "పుట్టకముందే జ్ఞానస్నానం ఇచ్చేశారా మీ నాయనమ్మకి?" నవ్వుతూ నవ్వుతూ సగంలో ఆపేశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇవి ఇద్దరు మనుషుల కాగితాలైనా అయి ఉండాలి, లేదా ఎక్కడో ఎవరో... మిమ్మల్ని అనడం లేదు. కానీ నేనొక బడికి హెడ్మాస్టరుని, మిసెస్ ఎమ్. ఇలాంటి వాటి కింద నా సంతకం ఉంటే బావుండదు."

విన్నీ ఆ రెండు తేదీలూ చూసింది. నిజమే. మే రెండు. కళ్ల ముందే ఉంది. ముఖం మీద చన్నీళ్లు కొట్టినట్టయింది. కాగితాలన్నీ మళ్లీ వరస తప్పకుండా ఫైల్లో పెట్టింది. "థాంక్యూ సార్," అని బయటికి వచ్చి తలుపు మెల్లగానే వేసింది.

వంటింట్లోకి వచ్చాక మాత్రం కడిగిన ట్రేలన్నీ మళ్లీ తొట్లో పడేసి ఇనప పీచుతో తోమడం మొదలుపెట్టింది.

"వాటికి ఒకసారి స్నానమయింది," అంది మేవిస్. తర్వాత ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఏమయిందే?"

"ఆయనకి నేను తెలియదట."

"ఎవరికి? హార్కిన్‌కా?" మేవిస్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఉల్లిపాయ పడదని పదకొండేళ్లుగా విడిగా గిన్నె పెడుతున్నావే ఆ మనిషికి! కస్టర్డ్ మీద మీగడ కట్టకూడదని ఆఖర్న పోస్తావే! తల్లి పోయినప్పుడు వారం రోజులు ముద్ద దిగడం లేదని సూపు చేసి పంపావు. అది ఎవరు చేశారనుకున్నాడు?"

"సూపుకి పేరుంటుందా?"

"నువ్వు కాబట్టి ఊరుకున్నావు. నేనైతే రేపట్నుంచి ఆ గిన్నెలో ఉల్లిపాయ తప్ప ఇంకోటి వెయ్యను."

"నోర్ముయ్. తిండి మీద కోపం చూపించకూడదు."

"సరే, ఇంకెవరున్నారు? డాక్టరు?"

"వెళ్లిన ప్రతిసారీ కొత్త మొహం."

"బ్యాంకు మేనేజరు?"

"బ్యాంకు తీసేసి కాఫీ కొట్టు పెట్టారుగా."

మేవిస్ తువ్వాలుతో ట్రే తుడుస్తూ అటు తిరిగి, ఎవరితోనో అన్నట్టు అంది. "ఫాదర్ టియర్నన్ ఉన్నాడు."

"ఆ పేరెత్తకు నా దగ్గర," అంది విన్నీ.

మంగళవారం సాయంత్రం ఆమె వంటబల్ల మీద దీపం కిందకి కాగితాలన్నీ పరిచి భూతద్దం పెట్టి చూసింది. తండ్రి మార్టిన్ గావిన్. రెంటిలోనూ అదే. తల్లి అనోరా. రెంటిలోనూ అదే. ఊరు అదే. నాయనమ్మ పోయినప్పటి కాగితం మీద పుట్టిన తేదీ మార్చి ఏడు అని ఉంది. ప్రతి మార్చి ఏడుకీ ఆమె ఒళ్లో కూర్చుని కేకు తిన్నది విన్నీ స్వయానా. అంటే పుట్టిన కాగితమొకటి చెబుతోంది, పోయిన కాగితమొకటి చెబుతోంది. సర్కారు కాగితాల్లోనే రెండు తేదీలున్నాయి.

"రాణికి అసలుదొకటి, సర్కారుదొకటి రెండు పుట్టినరోజులున్నాయి, మీ నాయనమ్మకి ఉండకూడదా?" అన్నాడు క్లిఫ్, ఫుట్‌బాల్ మీంచి చూపు తిప్పకుండా.

"ఆ రాణిని ఎవరైనా దొంగ అన్నారా?"

క్లిఫ్ టీవీ సౌండు తగ్గించాడు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆ గొంతు ఆయన మూడోసారి వినడం. "ఎవరన్నారు?"

"అనలేదు. అనకుండా అన్నాడు." ఆమె భూతద్దం బల్ల మీద పెట్టింది. "నన్ను తెలియదంటే పోనీ అనుకుంటాను. ఆవిడ ఒక్క పెన్నీ ఎవరిదీ ముట్టుకోలేదు, క్లిఫ్. రోగుల దిండు కింద దొరికిన ఉంగరాలు పరిగెత్తి ఇచ్చేది. అలాంటి మనిషి దొంగకాగితాలతో వచ్చిందని ఒక్కడైనా అనుకుంటే నేనెలా ఊరుకుంటాను?"

"అయితే ఫాదర్ దగ్గరికి పో."

"నువ్వు కూడానా?"

"మరి నన్ను అడుగుతావేం? నేను బస్సు తోలినవాణ్ణి, నా పేరు ఆ జాబితాలో లేదు."

బుధవారం వంటిల్లు కడిగాక విన్నీ ఇంటికి పోలేదు. కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని, ఫైలు చంకన పెట్టుకుని, తొమ్మిదేళ్లుగా తొక్కని గడప తొక్కడానికి బయలుదేరింది.

తొమ్మిదేళ్ల కిందట ముసలి మిసెస్ లావెల్ పోయింది. ఎవరు పోయినా సమాధి దగ్గర్నుంచి వచ్చినవాళ్లకి చర్చి హాల్లో టీ, శాండ్‌విచ్‌లు విన్నీ చేతి మీదుగానే నడిచేవి. ఇరవై ఏళ్లు నడిచాయి. ఆసారి ఫాదర్ టియర్నన్ ఒక్క మాటైనా చెప్పకుండా ఏదో కేటరింగు కంపెనీకి అప్పజెప్పాడు. ఆ ఆదివారం నుంచి విన్నీ రెండు బస్సులు మారి పక్క విచారణ చర్చిలో పూజకి పోతోంది. వానొచ్చినా పోతోంది, జ్వరమొచ్చినా పోతోంది.

తలుపు ఆయనే తీశాడు. పొడుగు మనిషి, ఇప్పుడు కొంచెం వంగాడు. స్వెట్టరు మీద గుడ్డు మరక.

"నువ్వా?"

"నేనే, ఫాదర్."

"తొమ్మిదేళ్లు పట్టింది."

"పట్టింది మీకు. నేను ఉన్నచోటే ఉన్నాను."

"సరే, లోపలికి వచ్చి దెబ్బలాడు. బయట చలి."

కుర్చీ మీది పేపర్ల కట్ట కిందకి దించి ఆమెకి చోటు చేశాడు. కెటిల్ పెట్టి, కప్పు అందుకోబోయాడు. ఆ కప్పు లోపలి వలయాలు చూసి విన్నీ లేచి ఆయన చేతిలోంచి లాక్కుని కడిగింది. ఆయన కెటిల్ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఆ కంపెనీ శాండ్‌విచ్‌లు," అన్నాడు కెటిల్‌తో, "అట్టముక్కలు. లావెల్ కొడుకు నా మొహం మీదే అన్నాడు."

"నాకు తెలుసు."

"నీకెలా తెలుసు? నువ్వు రాలేదుగా."

"హాలు వెనక చెత్తడబ్బా చూసి వెళ్లాను. సగం అందులోనే ఉన్నాయి."

ముసలాయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. ఆయన క్షమాపణ అదేనని విన్నీ అనుకుంది, అంతకంటే ఆయనకి చేతకాదు. ఆమె టీ పోసింది, ఫైలు విప్పింది, జరిగింది చెప్పింది. హెడ్మాస్టరు అన్న మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పింది.

ఆయన రెండు కాగితాలూ చేతిలోకి తీసుకున్నాడు. చదివాడు. ఈసారి నవ్వు పొట్టలోంచి వచ్చి దగ్గులోకి దిగింది.

విన్నీ లేచి నిలబడింది. "మీరూ నవ్వండి. మా నాయనమ్మ ఊరందరికీ నవ్వులాట అయింది."

"కూర్చో అమ్మాయ్, కూర్చో! మా నాన్నని తలుచుకుని నవ్వుతున్నా. ఐర్లండులో మా లీట్రింలో మా నాన్న తను పుట్టడానికి ఐదు వారాల ముందే క్రైస్తవుడయ్యాడు. మా చిన్నాన్న మూడు వారాల ముందు. మా మేనత్త ఒక్కతే పుట్టాక తీసుకుంది జ్ఞానస్నానం, అదీ ఆవిడ ఎండాకాలంలో పుట్టింది కనక."

"ఏమిటి మీరనేది?"

ఆయన టీ తాగి, కప్పు పక్కన పెట్టి, చేతులతో చెప్పడం మొదలుపెట్టాడు. "చూడు. బిడ్డ పుట్టింది మార్చి ఏడున. పసిపిల్లలు పిట్టల్లా రాలిపోయే రోజులు. అందుకని రెండు రోజులకే జ్ఞానతల్లి శాలువలో చుట్టి చర్చికి ఎత్తుకుపోయింది, తల్లి ఇంకా మంచం మీదే ఉంది. చర్చి పక్కనే. దేవుడి పుస్తకంలో అదే రోజు పడింది. సర్కారు పుస్తకమో? రిజిస్ట్రారు పట్నంలో కూర్చుంటాడు. మీ ముత్తాత నడిచి వెళ్లాలి, రావాలి, ఒక రోజు పోతుంది. మార్చిలో ఏం పని ఉంటుంది మేయోలో?"

"బంగాళాదుంపలు నాటాలి," అంది విన్నీ.

"నాటాలి. ఏప్రిల్‌లో?"

"పొయ్యిలోకి పీటు మట్టిగడ్డలు కొయ్యాలి."

"కొయ్యాలి. ఆయన తీరిగ్గా జూన్‌లోనో జూలైలోనో వెళ్లాడు. అప్పటికి గడువు దాటింది. గడువు దాటితే జరిమానా. 'బిడ్డ ఎప్పుడు పుట్టింది?' అని రిజిస్ట్రారు అడిగాడు. మీ ముత్తాత వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టుకుని, జరిమానా పడని రోజొకటి చూసుకుని, 'మే రెండు, అయ్యా' అన్నాడు. అబద్ధమని రిజిస్ట్రారుకీ తెలుసు. ఆయన తండ్రీ అదే చేసి ఉంటాడు. రాసేశాడు. మా దేశంలో సగం మంది ఇలాగే పుట్టారు."

ఎప్పుడూ చూడని మనిషి, మట్టి బూట్లతో బల్ల ముందు నిలబడి వేళ్లు మడుస్తున్నవాడు విన్నీ కళ్లకు కట్టాడు. నవ్వొచ్చింది.

"అంటే మా ముత్తాత అబద్ధమాడాడా?"

"తేదీ తప్పు చెప్పాడు. తల్లి పేరు తప్పు చెప్పాడా? తన పేరు తప్పు చెప్పాడా? ఆ ఊళ్లో ఆ ఇంట్లో ఆ బిడ్డ ఆయన బిడ్డేనని సంతకం పెట్టాడు. నీకు కావలసింది అదే, డబ్లిన్‌వాళ్లకి కావలసిందీ అదే."

"జ్ఞానస్నానం కాగితం తీసెయ్యనా మరి? వాళ్లడగలేదు."

"ఎందుకు తీస్తావు? దాచిపెడితే దొంగలమవుతాం. పోయినప్పటి కాగితంలో మార్చి ఏడు ఉండనే ఉంది. అన్నీ పెట్టు, ఇలా జరిగిందని నీ చేత్తో ఒక ఉత్తరం రాసి పెట్టు. ఆ ఆఫీసులో కూర్చున్న పిల్లల తాతలూ ఇలాంటివాళ్లే. వాళ్లకిది వింత కాదు."

విన్నీ అక్కడే, ఆ బల్ల మీదే ఉత్తరం రాసింది. రెండుసార్లు చింపి మూడోసారి రాసింది. 'మా ముత్తాత మార్టిన్ గావిన్ పొలం పనుల్లో ఉండి ఆలస్యంగా వెళ్లాడు' అని రాసింది. 'పేదవాడు' అని రాయబోయి మానేసింది. పేదరికం సాకుగా చెప్పుకోవడం ఆమెకి నచ్చలేదు.

తర్వాత ఫాదర్ ఎదురుగా సంతకం చేసింది. ఆయన పాత సిరాపెన్ను తీసి ఫొటోల వెనక సంతకం పెట్టబోతే నున్నటి కాగితం మీద సిరా నిలవలేదు, అలుక్కుపోయింది. ఆ ఫొటో పనికిరాలేదు, విన్నీ అదనంగా తెచ్చింది ఇచ్చింది. బాల్‌పెన్ను వెతికి, రెండు ఫొటోల వెనక ముక్కు కాగితానికి ఆనేలా వంగి చిన్న అక్షరాలతో రాశాడు. చర్చి ముద్ర కోసం మూడు సొరుగులు బోర్లించాడు. ముద్ర దొరికింది గానీ సిరా దిండు ఎండి రాయిలా ఉంది. ఆయన అల్మారాలోంచి విస్కీ సీసా తీసి రెండు చుక్కలు దిండు మీద వేశాడు, మూడో చుక్క తన టీలో వేసుకున్నాడు. ముద్ర చక్కగా పడింది.

'దరఖాస్తుదారు ఎంతకాలంగా తెలుసు' అన్న గడి దగ్గర ఆయన 'నలభై ఏళ్లు' అని రాశాడు.

"తొమ్మిదేళ్లు తీసెయ్యండి," అంది విన్నీ. "మాటల్లేవుగా."

"కోపంగా ఉన్నంతమాత్రాన తెలియకుండా పోతావా? ఆ తొమ్మిదేళ్లలోనే బాగా తెలిశావు." ఆయన కలం మూత పెట్టాడు. "రెండు బస్సులు మారి పూజకి పోయే మొండిదానివని ఊరంతా చెప్పారు."

విన్నీ ఇంటికి నడుచుకుంటూ వెళ్లింది. మోకాలు నొప్పి పుడుతోంది, అయినా బస్సెక్కలేదు. దారిలో ఎదురైన ఇద్దరు ముగ్గురికి, వాళ్లు అడక్కుండానే, మా నాయనమ్మది మేయో అని చెప్పింది.

శుక్రవారం చేపలు. పిల్లలు తిని ఆటలకి పోయారు. విన్నీ స్టీలు బల్ల తుడుస్తోంది. దారిలో పోస్టాఫీసుకి పోవాలని ఫైలు కవర్లో పెట్టి సిద్ధంగా ఉంచింది, కవరు అంటించడం ఒక్కటే మిగిలింది. అప్పుడు తలుపు దగ్గర హార్కిన్ సారు కనిపించాడు. కిటికీ దగ్గర కాదు, తలుపు దగ్గర. చేతిలో గోధుమరంగు కవరు.

"లోపలికి రావచ్చా, మిసెస్ ఎమ్?"

"టోపీ లేకుండా ఎవరూ రాకూడదు సార్." పెట్టెలోంచి కాగితం టోపీ తీసి ఇచ్చింది. ఆయన బుద్ధిగా పెట్టుకున్నాడు. చెవులు బయటికొచ్చాయి. మేవిస్ చేపల ట్రే ఎత్తుకుని, నవ్వు ఆపుకోలేక వెనక వాకిట్లోకి పారిపోయింది.

ఆయన కవరులోంచి రెండు కాగితాలు తీసి తుడిచిన బల్ల మీద పెట్టాడు.

"మా అమ్మ తండ్రి. ఐర్లండులో డానెగల్ ఆయన. మా చెల్లెలు కూడా అప్లై చేస్తోంది, కాగితాలు నా దగ్గరున్నాయి, పంపమంది. నిన్న తీసి చూశాను." ఆయన గొంతు సవరించుకున్నాడు. "పుట్టింది ఏప్రిల్ ఇరవై రెండు. జ్ఞానస్నానం ఏప్రిల్ మూడు."

విన్నీ చేతులు తుడుచుకుంది. ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, సోమవారం ఆయనన్న మాటే ఆమె నాలుక చివరికి వచ్చింది. అనుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె కళ్లజోడు పెట్టుకుని కాగితాలు చేతిలోకి తీసుకుంది.

"పంతొమ్మిది రోజులే," అంది. "మీ వాళ్లు మాకంటే తొందరగానే వెళ్లారు. మా నాయనమ్మకి దాదాపు రెండు నెలలు."

హెడ్మాస్టరుని స్టూలు మీద కూర్చోబెట్టి, తను నిలబడి, అంతా చెప్పింది. దుంపలు, పీటు, పట్నం, జరిమానా, వేళ్ల మీద లెక్క. ఆయన తన కాగితాల మీద వేలు పెట్టుకుని విన్నాడు. చివరికి గట్టిగా ఊపిరి వదిలి, "పిల్లలు బడికి ఒక్కరోజు ఆలస్యంగా వెళ్లినా మా తాత తోలు వలిచేవాడట," అన్నాడు.

"ఆయన కాదుగా సార్ ఆలస్యం చేసింది, ఆయన నాన్న. చేసిందీ బద్ధకంతో కాదు. మీ చెల్లెల్ని ఒక ఉత్తరం రాసి పెట్టమనండి, సరిపోతుంది. కావాలంటే నేను రాసింది చూసుకోండి."

ఆయన ఆమె ఉత్తరం చదివాడు, చదివి తిరిగి ఇచ్చాడు. తల పైకెత్తలేదు.

"సోమవారం నేనన్నది తప్పు. మీ ఫారం ఇలా ఇవ్వండి, సంతకం పెడతాను."

"ఫాదర్ టియర్నన్ పెట్టారు సార్. నలభై ఏళ్లుగా తెలుసని పెట్టారు."

"అయితే నేనొక ఉత్తరమైనా ఇస్తాను. బడి తరఫున. మీరెలాంటి మనిషో రాసి. వద్దనకండి." జేబులోంచి బడి పేరున్న కాగితం తీశాడు, ముందే తెచ్చుకున్నాడన్నమాట. కలం తీసి, తేదీ వెయ్యకుండానే తొందరగా రాయడం మొదలుపెట్టాడు. 'పదకొండు సంవత్సరాలుగా నాకు స్వయంగా తెలిసిన మిసెస్...'

కలం ఆగింది.

విన్నీ చూస్తోంది. ఆయన కాగితాన్ని చూస్తున్నాడు. బయట ఆవరణలో పిల్లలు కేకలు వేస్తున్నారు. సోమవారంనాడు ఆ పేరు పెద్ద అక్షరాలతో ఆయన ముక్కు కిందే ఉంది. జాబితా చదివాడు, తేదీలు చదివాడు, ఆ ఒక్కటీ చదవలేదు. చెవుల నుంచి మెడ దాకా మెల్లగా ఎరుపెక్కింది. విన్నీ తొందరపెట్టలేదు, సాయమూ చెయ్యలేదు. బల్ల మూల ఒకటి తుడవకుండా మిగిలితే అది తుడిచింది.

"క్షమించండి," అన్నాడు ఆయన చివరికి, నిజంగా చిన్న గొంతుతో. "మీ పూర్తి పేరు?"

విన్నీ గుడ్డ పక్కన పెట్టి నిటారుగా నిలబడింది. "విన్‌ఫ్రెడ్ సబీనా మల్‌గ్రూ. సబీనా మా నాయనమ్మ పేరు."

ఆయన ఒక్కొక్క అక్షరమే రాశాడు. తర్వాత మంచి మాటలు నాలుగు వరసలు రాశాడు, సంతకం పెట్టి ఆమె ముందుకి జరిపాడు. విన్నీ కళ్లజోడు సర్దుకుని మొదట్నుంచి చదివింది. మొదటి వరస మీద వేలు పెట్టింది.

"ఈ పదకొండేళ్లు కొట్టెయ్యండి సార్."

"ఎందుకు?"

"ఇవాళ్టి తేదీ వెయ్యండి. 'ఇవాళ్టి నుంచి తెలుసు' అని రాయండి. తప్పుడు తేదీలు మా ముత్తాతతోనే సరి."

హార్కిన్ సారు ఆమె ముఖంలోకి చూశాడు. పదకొండేళ్లలో అంతసేపు చూడటం అదే మొదలు. తర్వాత వంగి, ఆ మాట మీద గీత గీసి, పైన నెమ్మదిగా రాశాడు. విన్నీ కాగితం అందుకుని మరోసారి చదివింది. తేదీ సరిగ్గానే ఉంది.